కారు కనిపించని కారు యాడ్: జాగ్వార్ మీద అంత కోపం ఎందుకొచ్చింది?

2024 నవంబర్ మూడో వారంలో బ్రిటన్ కార్ల కంపెనీ జాగ్వార్ ఒక వీడియో విడుదల చేసింది. నిడివి 30 సెకన్లు. లిఫ్ట్ తలుపులు తెరుచుకుంటాయి. ముదురు రంగుల బట్టలు వేసుకున్న మోడళ్లు గులాబీ రంగు నేల మీదికి అడుగుపెడతారు. ఒకరి చేతిలో పెద్ద సమ్మెట, మరొకరి చేతిలో పెయింట్ బ్రష్. ఎవరూ మాట్లాడరు, ఎవరి ముఖంలోనూ నవ్వు ఉండదు. మధ్యమధ్యలో తెర మీద మాటలు పడుతుంటాయి: మామూలుదనాన్ని చెరిపెయ్, మూసలు పగలగొట్టు, దేన్నీ కాపీ కొట్టకు. అంతటితో వీడియో అయిపోతుంది. స్టీరింగ్ లేదు, చక్రం లేదు, ఇంజిన్ చప్పుడు లేదు. కార్ల కంపెనీ యాడ్‌లో కారే లేదు.

గంటల్లోనే అది ప్రపంచమంతా పాకింది. టెస్లా అధిపతి ఇలాన్ మస్క్ ఎక్స్‌లో ఒక్క ప్రశ్న వేశారు: మీరు కార్లు అమ్ముతారా? అమ్ముతాం, డిసెంబర్ 2న మయామీకి రండి, టీ తాగుతూ చూద్దురుగానీ అన్నట్టుగా జాగ్వార్ బదులిచ్చింది. బ్రిటన్ రాజకీయ నాయకుడు నైజెల్ ఫరాజ్ ఈ కంపెనీ దివాలా తీస్తుందని, అలా జరగాల్సిందేనని అన్నారు. గొడవ అక్కడితో ఆగలేదు. ఎనిమిది నెలలు దాటాక, 2025 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కూడా ఈ యాడ్‌ను తిట్టిపోశారు.

ఈ గొడవ గురించి చదివినప్పుడల్లా నాకు ఒక ఇబ్బంది కనిపిస్తుంది. అందరూ దీన్ని ఒకే కోపంగా చూస్తారు. యాడ్‌ను తిట్టినవాళ్లంతా ఒక గుంపు, సమర్థించినవాళ్లంతా ఇంకో గుంపు అన్నట్టు మాట్లాడతారు. కానీ ఆ తిట్లను కాస్త ఓపిగ్గా చదివితే, ఒకదానితో ఒకటి సంబంధం లేని కోపాలు అందులో కలిసిపోయి ఉన్నాయని తెలుస్తుంది. వాటిని విడదీస్తే తప్ప కంపెనీ ఎక్కడ తప్పు చేసింది, ఎక్కడ చేయలేదు అన్నది తేలదు.

మొదటిది రాజకీయపు కోపం. అందరికంటే గట్టిగా వినిపించింది ఇదే. యాడ్ వచ్చేసరికి అమెరికా అధ్యక్ష ఎన్నికలు ముగిసి రెండు వారాలే అయింది. వివక్షల పట్ల మెలకువగా ఉండటం అనే అర్థంలో పుట్టిన ‘వోక్’ అన్న మాట రెండు వైపులా అప్పటికే ఆయుధంగా మారిపోయింది. ఆ వాతావరణంలో రకరకాల రంగుల మనుషులు, ఆడా మగా తేడా పెద్దగా కనిపించని దుస్తులు, పాతదాన్ని పగలగొట్టమనే నినాదాలు ఒకేసారి తెర మీదికొచ్చాయి. సమానత్వం, వైవిధ్యం గురించి జాగ్వార్ అధికారి ఒకరు అంతకుముందు ఇచ్చిన ప్రసంగం వీడియోను కూడా జనం వెతికి బయటికి తీశారు. ఇక కారు సంగతి పక్కకెళ్లిపోయి, మోడళ్ల శరీరాల మీద, వాళ్ల రూపం మీద అసహ్యమైన కామెంట్లు వచ్చాయి. జాగ్వార్ మేనేజింగ్ డైరెక్టర్ రాడన్ గ్లోవర్ ఫైనాన్షియల్ టైమ్స్ పత్రికతో మాట్లాడుతూ, తాము చెప్పదలుచుకున్నది ఈ అసహనపు మంటల్లో కొట్టుకుపోయిందని బాధపడ్డారు. ఆ మాట నిజమే. ఆ మోడళ్లను తిట్టినవాళ్లలో చాలామందికి జాగ్వార్‌లో ఎన్ని మోడల్ కార్లున్నాయో కూడా తెలియదు. ఈ కోపానికి కంపెనీ భవిష్యత్తుతో సంబంధం లేదు. ఆ వారంలో వేరే కంపెనీ ఇలాంటి యాడే తీసుంటే దాని మీద పడేవాళ్లు.

అయితే గ్లోవర్ మాటల్లో ఒక ప్రమాదం కూడా ఉంది. విమర్శ మొత్తాన్ని ద్వేషం ఖాతాలో వేసేస్తే, న్యాయంగా అడిగినవాళ్ల ప్రశ్న కూడా వినపడకుండా పోతుంది.

రెండోది లోగో మీద కోపం. దీన్ని తొందరగా చెప్పుకోవచ్చు. ఇంగ్లిష్‌లో కంపెనీ పేరు రాసే అక్షరాల్లో కొన్ని క్యాపిటల్ అక్షరాలుగా, కొన్ని చిన్న అక్షరాలుగా, అన్నీ ఒకే ఎత్తులో గుండ్రంగా వచ్చేలా మార్చారు. సౌందర్య సాధనాల డబ్బా మీద పేరులా ఉందని చాలామంది అన్నారు. నాకూ మొదట అలాగే అనిపించింది. అసలైన అపార్థం ఇంకొకటి ఉంది: దూకే జాగ్వార్ బొమ్మను తీసేశారన్న ప్రచారం. అది తప్పు. ‘లీపర్’ అని పిలిచే ఆ బొమ్మను అడ్డగీతల మీద చెక్కినట్టుగా మార్చి ఉంచుకున్నారు. పోయింది గర్జిస్తున్న ముఖం ఉండే గుండ్రటి బ్యాడ్జి, ‘గ్రౌలర్’. గ్యాప్ అనే బట్టల కంపెనీ 2010లో కొత్త లోగో పెట్టి, జనం గోల చేయగానే వారం తిరక్కుండా పాతదాన్ని తెచ్చుకుంది. జాగ్వార్ అలా వెనక్కి తగ్గలేదు. తగ్గే వీలు కూడా లేదు. గ్యాప్ మార్చింది లోగో ఒక్కటే. జాగ్వార్ మారుస్తున్నది మొత్తం వ్యాపారం.

ఆ వ్యాపారం సంగతి తెలియకపోతే ఈ కథే అర్థం కాదు.

ఈ కంపెనీ మూలాలు 1922లో ఉన్నాయి. విలియం లయన్స్, విలియం వామ్స్‌లీ అనే ఇద్దరు యువకులు బ్లాక్‌పూల్‌లో మోటార్‌సైకిళ్లకు సైడ్‌కార్లు తయారు చేయడం మొదలుపెట్టారు. తర్వాత కోవెంట్రీకి మారి కార్లలోకి వచ్చారు. 1961లో జెనీవా ప్రదర్శనలో ఈ-టైప్‌ను చూపించినప్పుడు ప్రపంచం నోరెళ్లబెట్టింది. పొడవాటి బానెట్ ఉన్న ఆ కారు న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం సేకరణలో కూడా ఉంది. ల మాన్స్ 24 గంటల రేసును జాగ్వార్ ఏడుసార్లు గెలిచింది. బ్రిటన్ ప్రధానమంత్రులు ఏళ్ల తరబడి ఎక్స్‌జే కార్లలో తిరిగారు.

కీర్తి అంత ఉన్నా డబ్బు మాత్రం నిలవలేదు. 1989లో ఫోర్డ్ కొనుక్కుంది. 2008లో ల్యాండ్ రోవర్‌తో కలిపి టాటా మోటార్స్‌కు 230 కోట్ల డాలర్లకు అమ్మేసింది. ఆ తర్వాత జాగ్వార్ బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడీలతో నేరుగా తలపడాలని చూసింది. ఎక్స్ఈ, ఎఫ్-పేస్ లాంటివి ఆ ప్రయత్నంలో వచ్చినవే. 2018లో ఏడాదికి దాదాపు 1,80,000 కార్లు అమ్మింది. 2023-24 నాటికి అది 70,000 కూడా లేదు. ఆపేస్తున్న మోడళ్ల మీద లాభం దాదాపు సున్నా అని జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను కలిపి నడిపే జేఎల్ఆర్ కంపెనీకి అప్పటి సీఈఓ ఏడ్రియన్ మార్డెల్ స్వయంగా ఒప్పుకున్నారు. జర్మన్ కంపెనీలు లక్షల్లో కార్లు తయారు చేస్తూ ఖర్చును పంచుకోగలవు. అదే ధరకు, అన్ని హంగులతో, వాటిలో చిన్న వంతు కార్లు తయారు చేసే కంపెనీ బతకడం కష్టం.

అందుకే 2021 ఫిబ్రవరిలోనే నిర్ణయం జరిగిపోయింది: జాగ్వార్ పూర్తిగా ఎలక్ట్రిక్ అవుతుంది, తక్కువ కార్లు తయారు చేసి ఎక్కువ ధరకు అమ్ముతుంది. కొత్త కారు ధర 1,00,000 పౌండ్లు దాటుతుంది. పాత కస్టమర్లలో పదిహేను శాతం మంది వెంట వస్తే అదే ఎక్కువని కంపెనీయే లెక్క వేసుకుంది. యాడ్ వచ్చేనాటికి బ్రిటన్‌లో కొత్త జాగ్వార్ల అమ్మకం ఆపేశారు కూడా. కొత్త కారు రావడానికి ఇంకా ఏడాదికి పైగా టైమ్ ఉంది. అంటే, యాడ్‌లో కారు లేకపోవడం ఒక్క డైరెక్టర్ చమత్కారం కాదు. ఆ రోజు అమ్మడానికి కొత్త కారు నిజంగానే లేదు.

ఇక్కడే ఒక పెద్ద అపోహను సరిచేయాలి. 2025 ఏప్రిల్‌లో యూరప్‌లో కేవలం 49 జాగ్వార్లు రిజిస్టర్ అయ్యాయి. అంతకుముందు ఏడాది అదే నెలలో 1,961. అమ్మకాలు 97 శాతం పడిపోయాయి, చూశారా యాడ్ దెబ్బ, అని ఆ అంకె సోషల్ మీడియాలో తెగ తిరిగింది. అంకె నిజమే, దానికి చెప్పిన కారణం తప్పు. ఎక్స్ఈ, ఎక్స్ఎఫ్, ఎఫ్-టైప్ తయారీని 2024 మధ్యలోనే, అంటే యాడ్ రాకముందే ఆపేశారు. షాపులో సరుకే లేనప్పుడు అమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? సీఈఓ విషయంలోనూ ఇలాంటి తప్పే జరిగింది. 2025లో మార్డెల్ పదవి నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటన రాగానే, యాడ్ వల్లే పరువు పోగొట్టుకుని వెళ్లిపోయారని ట్రంప్ రాశారు. మార్డెల్ ఆ కంపెనీలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన చివరి పూర్తి ఆర్థిక సంవత్సరంలో జేఎల్ఆర్ దాదాపు 250 కోట్ల పౌండ్ల లాభం చూపించింది, దశాబ్దంలోనే అది ఎక్కువ. ఆ లాభం రేంజ్ రోవర్, డిఫెండర్ లాంటి ల్యాండ్ రోవర్ బళ్ల నుంచి వచ్చింది. ఆయన స్థానంలోకి టాటా మోటార్స్ నుంచి పీబీ బాలాజీ వచ్చారు.

కాబట్టి యాడ్ జాగ్వార్‌ను ముంచిందనే మాటకు ఆధారం లేదు. బాగా పనిచేసిందనడానికీ ఆధారం లేదు. కొత్త కారు రోడ్డెక్కకముందే ఎవరు ఏ తీర్పు చెప్పినా అది అంచనాయే.

ఇప్పుడు మూడో రకం. నా దృష్టిలో అసలైన మనుషులు వీళ్లే. వీళ్లకు వోక్ గొడవతో పని లేదు. లోగో అక్షరాలతోనూ లేదు. చిన్నప్పుడు గోడకు ఈ-టైప్ పోస్టర్ అంటించుకున్నవాళ్లు, నాన్న నడిపిన పాత ఎక్స్‌జే లెదర్ వాసన గుర్తున్నవాళ్లు, కోవెంట్రీ ఫ్యాక్టరీలో పనిచేసిన తాతల మనవలు. వీళ్ల కామెంట్లలో తిట్టు కంటే బాధ ఎక్కువ. కంపెనీ తన పాత పోస్టులన్నీ ఇన్‌స్టాగ్రామ్ నుంచి తీసేసిన రోజున వీళ్లకు ఇంట్లో ఎవరో పాత ఫొటో ఆల్బమ్ పారేసినట్టు అనిపించింది.

కంపెనీని సమర్థించేవాళ్లు వీళ్లకు ఒక గట్టి జవాబు చెబుతారు. ఇంత ప్రేమ ఉన్నవాళ్లు కార్లు కొన్నారా? కొనుంటే 1,80,000 ఎందుకు 70,000కు పడింది? ఆ ప్రశ్నలో న్యాయముంది. అభిమానం జీతాలివ్వదు. పాత ఫ్యాన్స్‌ను సంతోషపెట్టుకుంటూ పోతే కంపెనీ మూతపడేది. అందరిలా యాడ్ తీస్తే ఎవరూ పట్టించుకోరని గ్లోవర్ అన్నదీ తప్పు కాదు. ఎన్నో ఏళ్లుగా జాగ్వార్ గురించి ఇంతమంది మాట్లాడుకున్నదే లేదు.

కానీ లగ్జరీ వస్తువు విషయంలో ఆ జవాబు సగమే నిజం. లక్ష పౌండ్ల కారు కొనేవాడు దేనికి డబ్బు పెడుతున్నాడో ఆలోచించండి. సీటు సుఖం, మోటారు శక్తి కొంత వరకే. మిగతాది, ఆ కారు వెళ్తుంటే ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లు తల తిప్పి చూసే చూపు. ఆ చూసేవాళ్లలో నూటికి తొంభైతొమ్మిది మంది ఆ కారు ఎప్పటికీ కొనలేరు. అయినా దాని విలువలో పెద్ద భాగం వాళ్ల కళ్లలోనే ఉంటుంది. పేరు వినగానే ఆ కళ్లలో గౌరవం కనిపిస్తే కొనేవాడికి గర్వం, నవ్వు కనిపిస్తే సంకోచం. అందుకే “మమ్మల్ని తిట్టేవాళ్లు మా కస్టమర్లు కాదు” అనే మాట సబ్బుల కంపెనీ అంటే చెల్లుతుందేమో గానీ, లగ్జరీ కార్ల కంపెనీ అంటే చెల్లదు. కొనని జనం దశాబ్దాలుగా ఉచితంగా మోసుకొచ్చిన గౌరవమే జాగ్వార్‌కు మిగిలిన అసలు ఆస్తి. ఫోర్డ్ కొన్నది, టాటా కొన్నది కూడా చాలావరకు దాన్నే. ఆ 30 సెకన్లలో ఆ జనానికి ఒక్క మాట కూడా లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం ఇంకొకటుంది. యాడ్ చివర కనిపించే “దేన్నీ కాపీ కొట్టకు” అనే మాట ఏ ఏజెన్సీ గదిలోనో కొత్తగా పుట్టింది కాదు. జాగ్వార్ అనేది దేనికీ కాపీ కాకూడదని స్థాపకుడు లయన్స్ నమ్మారు. ఆ మాటే ఇది. మొత్తం ప్రచారంలో అందరికంటే పాత జాగ్వార్ గొంతు అదే. కానీ వీడియో చూసినవాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు. లయన్స్ ఫొటో ఒక్క సెకను పెట్టినా, ఈ-టైప్ బానెట్ వంపు నీడగా చూపించినా, చూసేవాడికి అర్థమయ్యేది: వీళ్లు మమ్మల్ని వదిలి వెళ్లడం లేదు, ఎక్కడి నుంచి వచ్చారో గుర్తుపెట్టుకునే ముందుకు వెళ్తున్నారని. మొదట చెప్పుకున్న న్యాయమైన ప్రశ్న ఇదే: మారండి, కానీ మాకెందుకు చెప్పలేదు?

కారు చూపించకుండా కారు అమ్మబోయిన మొదటి కంపెనీ జాగ్వార్ కాదు. 1989లో నిస్సాన్ తన లగ్జరీ బ్రాండ్ ఇన్ఫినిటీని అమెరికాలో మొదలుపెట్టినప్పుడు యాడ్లలో రాళ్లు, చెట్లు, నీళ్లు చూపించింది. కారు కనబడలేదు. టీవీ హాస్యగాళ్లు ఆటాడుకున్నారు. అదే ఏడాది టొయోటా తన లెక్సస్‌తో వచ్చింది. వాళ్ల యాడ్‌లో కారు బానెట్ మీద షాంపేన్ గ్లాసులను గోపురంలా పేర్చారు. చక్రాలు రోలర్ల మీద వేగంగా తిరుగుతుంటే ఒక్క గ్లాసు కూడా కదల్లేదు. ఇంజిన్ ఎంత నున్నగా నడుస్తుందో చెప్పడానికి ఇంకో మాట అక్కర్లేకపోయింది. అమ్మకాల్లో లెక్సస్ ముందుకెళ్లింది, ఇన్ఫినిటీ వెనకబడింది. తప్పంతా యాడ్‌దే అనలేం. గ్రిల్ లేని ముఖంతో వచ్చిన ఇన్ఫినిటీ క్యూ45 కారు కూడా లగ్జరీ కొనేవాళ్లకు కొంచెం వింతగానే అనిపించింది. అయితే జనానికి కుతూహలం పుట్టించాక, దాన్ని తీర్చే వస్తువు వెంటనే చేతికందాలన్న సంగతి మాత్రం ఆ అనుభవంలో స్పష్టంగా ఉంది.

జాగ్వార్ యాడ్ వచ్చిన రోజుల్లోనే జనం పోల్చి చూసిన ఇంకో వీడియో ఉంది. వోల్వో తన ఈఎక్స్90 కోసం తీసింది. మూడు నిమిషాలకు పైగా ఉంటుంది. తండ్రి కాబోతున్న మనిషి పుట్టబోయే కూతురి జీవితమంతా ఊహించుకుంటూ భయపడుతుంటాడు. చివర్లో ఆ బిడ్డను మోస్తూ రోడ్డు దాటుతున్న గర్భిణి ముందు ఒక వోల్వో దానంతటదే ఆగుతుంది. అక్కడా కారు కనిపించేది కాసేపే. కానీ ఆ కాసేపులో వోల్వో అంటే భద్రత అనే పాత నమ్మకాన్ని మళ్లీ మనసులో నాటుతుంది. కారు ఎంతసేపు కనిపించిందన్నది కాదు ఇక్కడ తేడా. వోల్వో యాడ్ చూసినవాడికి, ఇది వోల్వో మాత్రమే చెప్పగల మాట అనిపిస్తుంది. జాగ్వార్ వీడియో చివర్లో పేరు మార్చి ఏ సెంటు కంపెనీ పేరో, ఏ ఫ్యాషన్ కంపెనీ పేరో పెట్టినా ఎవరికీ అనుమానం రాదు. కాపీ కొట్టొద్దన్న యాడ్ మీద నాకున్న అసలు ఫిర్యాదు అదే.

టాటాలు దీనికెలా ఒప్పుకున్నారని అడిగినవాళ్లూ చాలామందే. రతన్ టాటా చనిపోయి అప్పటికి నెలన్నర కూడా కాలేదు, కాబట్టి ఆ ప్రశ్నలో కొంత దుఃఖం కూడా ఉంది. కానీ ఎలక్ట్రిక్ వైపు మళ్లడం, ధర పెంచడం ఆయన బతికుండగా, మూడేళ్ల ముందే ప్రకటించిన దారి.

చెప్పినట్టుగానే 2024 డిసెంబర్ మొదటి వారంలో మయామీలో కారును చూపించారు. పేరు టైప్ 00. మొదటి సున్నా పొగ లేదని చెప్పడానికి, రెండోది కొత్త వంశం మొదలని చెప్పడానికి. అమ్మకానికి పెట్టేది కాదు, రాబోయే నాలుగు డోర్ల ఎలక్ట్రిక్ కారు ఎలా ఉంటుందో చెప్పే నమూనా. అసలు కారు ఇంగ్లండ్‌లోని సొలిహల్‌లో తయారవుతుంది. నమూనాకు వెనక అద్దం లేదు, కెమెరాలే దిక్కు. ముందు భాగం గోడలా నిటారుగా, అడ్డగీతలతో ఉంటుంది. బానెట్ మాత్రం చాలా పొడవు. ఎలక్ట్రిక్ కారులో ముందు పెద్ద ఇంజిన్ ఉండదు, అంత పొడవు అవసరమే లేదు. అయినా పెట్టారు, పాత జాగ్వార్లు అలాగే ఉండేవి కాబట్టి.

ఆ రోజు రెండు కార్లు పక్కపక్కన నిలబెట్టారు. ఒకటి గులాబీ రంగు. పత్రికలన్నీ ఎక్కువగా వేసింది దాని ఫొటోనే, వెక్కిరింపులన్నీ దాని మీదే. రెండోది నీలం. దానికి లండన్ బ్లూ అని పేరు పెట్టారు. 1960ల్లో ఈ-టైప్‌కు వేసిన వెండి మెరుపు నీలం నుంచి తీసుకున్న రంగు అది. ఏడ్చిన అభిమానుల్లో చాలామంది దాన్ని చూడనే లేదు.